ఆ మాత్రలు ఎవరివి

ముప్పై దాటినా లాండ్రీలో అందరూ ఆమెను చిట్టి అనే పిలిచేవారు. పక్క ఇస్త్రీ బల్ల పొడుగక్కది. పొడుగక్క అసలు పేరు యజమానురాలికి తప్ప ఎవరికీ తెలీదు. గుమ్మం తగులుతుందని తల వంచుకుని లోపలికొచ్చే మనిషి. తల వంచేది గుమ్మానికే, మనుషులకు కాదు. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు దుప్పట్లు కుప్పలుగా వచ్చి పడుతుంటే, “జనమంతా పడుకోవడమే పనిగా పెట్టుకున్నారే, మనకే నిద్ర లేదు” అని అందరినీ నవ్వించేది.

చిట్టి భర్త లారీ డ్రైవరు. బండెక్కితే మళ్లీ ఇంటి మొహం చూసేసరికి వారాలు గడిచేవి. చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యెత్తలేదు, ఇంట్లో దేనికీ లోటు చెయ్యలేదు. దారిలో ఆయనకు వేరే ఆడవాళ్లున్నారని మాత్రం చిట్టికి తెలుసు. ఒకసారి ధైర్యం చేసి కండోమ్ మాట ఎత్తింది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత మొహం మాడ్చుకున్నాడు.

“అవి బయటివాళ్లకి. నువ్వు నా భార్యవి. నన్ను అనుమానిస్తున్నావా, లేకపోతే నిన్నే నేను అనుమానించాలా?”

ఆ రెండో మాట విన్నాక ఆమె ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

సంగతి పొడుగక్కకు ఎలా తెలిసిందంటే, చిట్టే ఒకరోజు దుప్పటి మడతపెడుతూ ఏడ్చేసింది. పొడుగక్క జోకులేమీ వెయ్యలేదు. “మా చెల్లెలు కూడా మొగుణ్ణి అడగడానికి సిగ్గుపడింది. ఆ జబ్బొచ్చాక మందులు తెచ్చుకోవడానికీ సిగ్గుపడింది. ఇప్పుడు మనిషే లేదు. పద” అని చెయ్యి పట్టుకుని క్లినిక్కుకు తీసుకెళ్లింది.

అక్కడ నర్సమ్మ రక్తం పరీక్ష చేసి, జబ్బేమీ లేదని చెప్పి, మాత్రల సీసా ఇచ్చింది. “ఇది హెచ్ఐవి రాకుండా ఆపే మాత్రమ్మా. మానకుండా రోజూ ఒకటి వేసుకో. అప్పుడప్పుడూ వచ్చి పరీక్ష చేయించుకో. మీ ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఇది నీ చేతిలో పని.”

సీసా గలగలమంటుందని చిట్టి అందులో దూది కుక్కింది. కుట్టుపెట్టె అడుగున దాచింది. రోజూ పళ్లు తోముకోగానే ఒక మాత్ర మింగేది. మొగుడికి తెలియకుండా చేస్తున్నందుకు దొంగతనం చేసినట్టే ఉండేది, అయినా మానలేదు.

ఒక ఉదయం ఆయన చొక్కా గుండీ ఊడింది. సూది కోసం తనే కుట్టుపెట్టె తీశాడు. చిట్టి వంటింట్లోంచి వచ్చేసరికి సీసా ఆయన చేతిలో ఉంది.

“మాతో లారీ తోలేవాడొకడికి ఆ జబ్బుంది. వాడి దగ్గర ఇలాంటి సీసానే చూశాను” అన్నాడు. “ఎవరివివి?”

ఆయన మొహంలో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కానీ ఆమె నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“పొడుగక్కవి. వాళ్లింట్లో చూస్తారని నా దగ్గర దాచమంది.”

“అంటే ఆవిడకి...”

చిట్టి అవునని అనలేదు. కాదనీ అనలేదు. తల దించుకుంది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, సీసా తీసుకెళ్లి కాలవలో పారేశాడు.

ఆయన ఆ సంగతి లాండ్రీ వ్యాను డ్రైవరుతో అన్నాడు. వ్యాను డ్రైవరు ఇంకెవరితోనో అన్నాడు. చూస్తుండగానే పొడుగక్క తాకిన దుప్పట్లు మడతపెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ జబ్బు అలా అంటుకోదని చిట్టికి నర్సమ్మ విడమరిచి చెప్పింది. చిట్టి నోరు విప్పలేదు.

చివరికి యజమానురాలే వచ్చి, “కొన్నాళ్లు ఇంట్లో ఉండమ్మా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు” అంది.

“ఏమనుకుంటున్నారు? ఎవరన్నారు?” అని పొడుగక్క అందరి మొహాలూ చూసింది. అందరూ చేతుల్లోని దుప్పట్ల వైపు తలలు దించుకున్నారు. చిట్టి కూడా తల ఎత్తలేదు. ఇస్త్రీపెట్టె దిండు గలీబు మీదే ఆగిపోయింది.

పొడుగక్క సంచీ తీసుకుని వెళ్తూ వెళ్తూ, “పెట్టె తియ్యవే చిట్టీ, కాలిపోతోంది” అంది.

ఆ మాటకు చిట్టి ప్రాణం చచ్చిపోయింది. తిట్టినా బాగుండేది.

మాత్రలు లేవు. క్లినిక్కుకు వెళ్దామంటే నర్సమ్మ పొడుగక్క ఎలా ఉందని అడుగుతుంది. భర్త దగ్గరికి వస్తే కాదనలేకపోయింది. ఆయన నిద్రపోయాక గోడ వైపు తిరిగి పడుకునేది. ఇటు మొగుడి దగ్గరా, అటు పొడుగక్క దగ్గరా, రెండు రకాల సిగ్గు ఒకేసారి మోయడం ఆమె వల్ల కాలేదు. ఆదివారం పొడుగక్క గదికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేసింది.

పొడుగక్క అరవలేదు.

“మా చెల్లికి లేని ధైర్యం నీకన్నా ఉంటుందనుకున్నాను. నువ్వు నా పేరే వాడుకున్నావు.”

“తప్పయిపోయింది అక్కా. భయమేసి...”

“ఇక్కడ ఏడవకు. ఎక్కడ చెప్పావో అక్కడ చెప్పు.” తలుపు మూసేసింది.

ఆ మాత్రలు తనవేనని, లాండ్రీలోనూ అదే చెప్తానని చిట్టి ముందు భర్తకే చెప్పింది. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

“నా బాగోతం లాండ్రీలో కూడా విప్పుతావా?”

“మీ గురించి ఒక్క మాట అనను. నా మాత్రలు నావని చెప్తాను. మీరు నాతో ఉండాలంటే పరీక్ష చేయించుకోండి. లేదంటే ఆ మాత్రలు వేసుకుంటూనే ఉంటాను.”

ఆయన బండెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు లాండ్రీలో, మిషన్లు ఆపిన టీ వేళ, చిట్టి లేచి నిలబడింది. “ఆ మాత్రలు నావి. జబ్బుకి కాదు, జబ్బు రాకుండా. పొడుగక్కకి ఏ జబ్బూ లేదు. నేనే అబద్ధం చెప్పాను.” ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో “మొగుడుండగా ఆ మాత్రలెందుకట?” అన్నారు. చెవులు కాలిపోతున్నా ఆమె కూర్చోలేదు, యజమానురాలు “సరేలే, ఆవిణ్ణి రమ్మని కబురు పెడతాను” అనేదాకా.

చిట్టి మళ్లీ క్లినిక్కుకు వెళ్లింది. మధ్యలో ఆపేసింది కాబట్టి నర్సమ్మ మళ్లీ పరీక్ష చేసింది. ఫలితం వచ్చేదాకా చిట్టి పట్టుకున్న బల్ల అంచు వదల్లేదు. జబ్బు లేదు. కొన్నాళ్లు ఆగి ఇంకోసారి చూడాలని నర్సమ్మ చెప్పి, కొత్త సీసా ఇచ్చింది. తిరిగొచ్చిన భర్త అద్దం ముందున్న దాన్ని చూశాడు, ఈసారి పారెయ్యలేదు. పరీక్షకు ఇప్పటిదాకా వెళ్లలేదు. చిట్టి పక్క వేరు చేసుకుంది.

పొడుగక్క పనిలోకి వచ్చింది, కానీ కిటికీ దగ్గరి బల్ల అడిగి తీసుకుంది. మిగతావాళ్లను ఎప్పటిలాగే నవ్విస్తుంది. చిట్టి ఏదన్నా అడిగితే, అడిగినంతకే చెబుతుంది. ఒకరోజు ఇద్దరూ చెరో అంచు పట్టుకుని పెద్ద దుప్పటి మడతపెట్టాల్సి వచ్చింది. అంచులు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు చిట్టి గొంతు తగ్గించి అడిగింది.

“కోపం ఇంకా పోలేదా అక్కా?”

“కోపం ఆ రోజే పోయింది. నిన్ను చూస్తే మాటే రావట్లేదు. అంతే.”

చిట్టి తన చేతిలోని అంచును ఆమెకు అందించి, తల వంచుకుని తన బల్ల దగ్గరికి వచ్చేసింది.