పుట్టమన్ను కోర్టు

మా చలికాలపు టెన్నిస్ పోటీలు మొదలైనప్పుడు ఏడు ఊళ్లు ఉండేవి. మా వైపు చలికాలమంటే జూన్ నుంచి ఆగస్టు దాకా. అన్నాళ్లూ వారానికో ఊళ్లో ఆట, ఆటతోపాటు తిండి, తిండితోపాటు పెళ్లిసంబంధాలు. మా అక్క ఈనిడ్‌కు క్లెమ్ బావ దొరికింది కూడా అలాగే. వాళ్ల ఊరిని ఓడించి మరీ తెచ్చుకుంది. తర్వాత ఒక ఊళ్లో బడి మూశారు, ఇంకో ఊళ్లో రైలు ఆగడం మానేసింది. కరువు మూడో ఏడు నడుస్తున్న ఆ జూలై నాటికి మిగిలినవి రెండే: మా కుర్రాబిల్లా, అరవై మైళ్ల అవతల టాండరీ. గుడ్డికన్నా మెల్ల నయమని ఆ రెండు ఊళ్లవాళ్లమే ఆడుకుంటున్నాం.

గొర్రెల్ని తెగనమ్మాక బావ సముద్రం వైపు వెళ్లిపోదామన్నాడు. అక్క ససేమిరా అంది. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. గెలిచిన ఊరికిచ్చే షీల్డు కోసం ఏటా ఆట జరిగినన్నాళ్లు ఇక్కడే ఉంటారు, జరగని ఏడు సామాను సర్దుతారు. కాబట్టి ఆ ఏడు ఆట మీదే అక్క ఇల్లు నిలబడి ఉంది.

మా కోర్టు పుట్టమన్నుతో వేసింది. చెదపుట్టలు తవ్వి, దంచి, తడిపి, రోలర్ లాగితే రాయిలా బిగుస్తుంది. అయితే ఆటకు ముందురోజు వాన నీళ్లతో తడపకపోతే దుమ్మై లేస్తుంది. బోరు నీళ్లు పోస్తే ఉప్పుకు బీటలు వారుతుంది. వాన నీళ్లంటే ఇళ్ల ట్యాంకుల అడుగున మిగిలిన కాసిని. అవి మేం టీకి దాచుకున్నాం.

మామూలుగా ఆటకు ఆడవాళ్లు తలో పళ్లెం తిండి తేవాలి. ఆ శుక్రవారం అక్క గడప గడపా తిరిగి, "ఈసారి పళ్లేలొద్దు, బకెట్లు తెండి," అంది.

"పిచ్చిగానీ పట్టిందా అక్కా? రేపట్నుంచి బోరు నీళ్ల టీ తాగమంటావా?" అన్నాను.

"తాగితే చస్తావా డాటీ? నీ నోటికి ఆ మాత్రం ఉప్పు తగలాల్సిందేలే."

తిట్టుకుంటూనే తెచ్చాం. అక్క తన ట్యాంకు మొత్తం వంపేసింది. బావ రోలర్ లాగాడు. సాయంత్రానికి కోర్టు ఎర్రగా, నున్నగా తయారైంది. చూస్తే నాకు ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున టాండరీ నుంచి ఒకే కారు వచ్చింది. అందులోంచి ఒక్కడే దిగాడు, వాళ్ల ముసలి కెప్టెన్ వెర్న్. తెల్ల ప్యాంటు, మెడలో టై, కాళ్లకు పొలం బూట్లు.

"మిగతావాళ్లేరీ?" అంది అక్క, కారు వెనక రోడ్డు వైపే చూస్తూ.

"లేరు ఈనిడ్. మా జట్టులో ఆడే స్లేడ్ వాళ్లు మంగళవారం ఊరొదిలేశారు. జట్టుకి మనుషుల్లేరు. ఓటమి ఒప్పుకోడానికొచ్చా."

మా పోటీల్లో మొదట్నుంచీ ఒక కట్టుబాటుంది. ఆడలేని ఊరు ఫోనులో చెప్పి చేతులు దులుపుకోకూడదు. కెప్టెన్ స్వయంగా వచ్చి, నెట్టు దగ్గర చెయ్యి కలిపి ఒప్పుకోవాలి.

"మంగళవారమే తెలిస్తే ఒక్క ఫోను కొట్టలేకపోయావా, మహానుభావా?" అని అరిచాను. "ఊరు ఊరంతా తాగే నీళ్లు పోసేశాం!"

వెర్న్ తడి మన్ను వైపు చూశాడు. "ఫోనులో ఎలా చెప్తాను డాటీ? ఏనాడైనా ఎవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏడాది పొడుగునా దెప్పేదాన్ని నేనే.

అక్క రాకెట్టు అందుకుంది. "నువ్వొచ్చావుగా. నాతో ఆడు. ఒక్క సెట్టు చాలు, ఆట ఆటే."

"నా మోకాలు..."

"బతిమాలుకుంటున్నా వెర్న్. ఆడు."

అక్క ఒకరిని బతిమాలడం నేను చూడ్డం అదే మొదలు. వెర్న్ బూట్లు విప్పి మేజోళ్లతో దిగాడు. రెండో గేములో బంతి కోసం వంగి మరి లేవలేకపోయాడు. బావ వెళ్లి చంకలో చెయ్యేసి లేపాడు. వెర్న్ కుంటుకుంటూ నెట్టు దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. అక్క చాలాసేపు అందుకోలేదు. అందుకుంటే అంతా అయిపోతుందని ఆమెకు తెలుసు.

"పాపం, నిలబడలేకపోతున్నాడే. చెయ్యియ్యి," అన్నాడు బావ మెల్లగా.

ఇచ్చింది. షీల్డు మాదైంది. దానికోసం మాతో పోటీపడే ఊరు ఇక లేదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. మేం ఇంటిదాకా కూడా ఆగలేకపోయాం.

"ఒక గేము పూర్తిగా ఆడాం క్లెమ్," అంది అక్క.

"ఆడారు," అన్నాడు బావ. "సోమవారం సామానుకు లారీ మాట్లాడతాను."

ఓడినవాళ్లు గోనెపట్టా లాగి, తర్వాతి ఆటకు కోర్టు చదును చేసి వెళ్లాలి. అదీ మా కట్టుబాటే. ఎవరూ అడక్కుండానే వెర్న్ తాడు భుజాన వేసుకుని, కుంటుతూ లాగడం మొదలుపెట్టాడు. ఎండకు మన్ను అప్పటికే తెల్లబారుతోంది. అక్క గీత పక్కన నిలబడి చూస్తోంది.

"ఆ మూల వదిలేశావు," అంది.

వెర్న్ వెనక్కి తిరిగి ఆ మూల కూడా లాగాడు.