మధ్యాహ్నం ఫోను

మా అమ్మాయి అద్దాల కొట్టులో పనికి కుదిరిన రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. కొట్టంటే అద్దాలు అమ్మడం ఒక్కటే కాదు. వెనక షెడ్డులో తలుపులంతేసి పలకలు కోస్తారు, అంచులు నూరుతారు, ఇళ్ళకీ దుకాణాలకీ తీసుకెళ్ళి బిగిస్తారు. చదువు మధ్యలో ఆగిపోయి, ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్న పిల్ల, అద్దం మీద ఒక్క గీత గీసి, కింద చిన్నగా తట్టి రెండు ముక్కలు చేయడం ఎక్కడో చూసి మురిసిపోయింది. అదే పని నేర్చుకుంటానని చేరింది. నాకు మాత్రం అద్దం అనగానే రక్తమే కనపడేది. నీ భయాలకి ఎవరైనా జీతమిస్తే ఈపాటికి మేడ కట్టేవాళ్ళం అన్నారు మా ఆయన. ఆయనకేం, నవ్వుతారు.

సాయంత్రం వచ్చి అక్కడి మనుషుల సంగతులు చెప్పేది. పొద్దున్నే కొత్త అద్దంలో మొహం చూసుకోకూడదట. పగిలింది అనకూడదట, విడిపోయింది అనాలట. అంచులు నూరే పెద్దాయన తుమ్మితే అందరూ చేతిలో పని ఆపి నిలబడాలట. ఆయన పేరే తుమ్ముల బాబాయి.

"ఆ గాజుపొడికి రోజంతా తుమ్ముతూనే ఉంటాడమ్మా. మాకు కాస్త తెరిపి దొరుకుతుందంటే ఆయన ముక్కు పుణ్యమే" అని నవ్వించింది.

మొదట్లో ఈ పిల్ల వాళ్ళతో వాదించిందట. దాంతో ఎవరూ ముఖం ఇచ్చి మాట్లాడలేదు, టీ వచ్చినా దీన్ని పిలవలేదు. తర్వాత తనే తగ్గింది. తుమ్మితే ఆగడం నేర్చుకుంది. టీ గ్లాసు దీని దగ్గరికీ రావడం మొదలైంది. హమ్మయ్య, కలిసిపోయింది అనుకున్నాను.

ఆ నమ్మకాలు తిరిగి తిరిగి నా మీదికే వచ్చాయి.

నేను రోజూ మధ్యాహ్నం దానికి ఫోను చేసేదాన్ని. తిన్నావా, చేతులు జాగ్రత్త, అంతే. దాని గొంతు వింటే సాయంత్రం దాకా నా ప్రాణం కుదుటపడేది. ఒకరోజు అన్నం తింటూ, కంచంలోకే చూస్తూ అంది.

"అమ్మా, నేను పనిలో ఉండగా ఫోను చెయ్యకు. నువ్వు చేసినప్పుడే ఒక నిలువుటద్దం పోయింది. మొన్న ఇంకోటి. నీ ఫోను అచ్చిరాదంటున్నారు."

"నేనా? అచ్చిరానా?"

"వాళ్ళ పిచ్చి వాళ్ళది. సర్దుకుపోవాలి కదా."

ఇన్నేళ్ళ కాపురంలో మా అత్తగారు నన్ను అనని మాట లేదు గానీ, అచ్చిరాని మనిషివని మాత్రం ఆవిడ కూడా అనలేదు. మింగుడుపడలేదు. అయినా పిల్ల ఉద్యోగం కదా అని నోరు మూసుకున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు ఊరుకునేవి కావు. ఉతికిన బట్టలే మళ్ళీ తడిపి ఉతికేదాన్ని. పైగా కొత్త భయం ఒకటి పట్టుకుంది. నిజంగానే నాలో ఏదో ఉందేమో, నేను తలుచుకోవడమే దానికి కీడేమో అని.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒకరోజు మా వీధిలోంచి అంబులెన్సు కూతవేసుకుంటూ ఆ కొట్టు వైపే వెళ్ళింది. ఇక నా వల్ల కాలేదు. చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇంటికి తాళం వేశానో లేదో కూడా చూసుకోకుండా బస్సెక్కాను. దారిపొడుగునా చేస్తూనే ఉన్నాను.

షెడ్డు గుమ్మం దగ్గర రేకు డబ్బా ఒకటి ఉంది. పనివాళ్ళ ఫోన్లన్నీ అందులోనే పెడతారట. మా అమ్మాయి ఫోను అందులో మోగుతోంది. లోపల ముగ్గురు కలిసి గోడంత అద్దాన్ని మోసుకొస్తున్నారు. ముందువైపు అంచు పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తున్నది మా అమ్మాయే. అమ్మడూ అని పిలవబోయాను. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. నా చేతిలో ఫోను చూసి, కట్టెయ్యమని సైగ చేశాడు. కట్టేశాను. వాళ్ళు అద్దాన్ని చెక్క స్టాండులో దించేదాకా మేమిద్దరం ఊపిరి తీసుకోలేదు.

నన్ను గోడ పక్కకి తీసుకెళ్ళాడు. తల నెరిసిన మనిషి, మాట మెత్తన.

"డబ్బాలో మోగినా మీ అమ్మాయి తల తిప్పుతుందమ్మా. ఈ వేళప్పుడు మోగితే మీరేనని తనకి తెలుసు. ఆ రెండద్దాలూ అలాగే పోయాయి."

మరి అచ్చిరాదని ఎందుకన్నారు, ఆ మాటే చెప్పొచ్చుగా అని అడిగాను. ఆయన అరచేతికి అంటిన తెల్లపొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడూ ఇక్కడే చేసేవాడమ్మా. అద్దం పట్టుకుని ఉన్నాడు. జేబులో ఫోను మోగింది. అమ్మ చేస్తోందిరా అని, ఒక చెయ్యి వదిలి జేబులో పెట్టాడు."

నేను చేతిలో ఫోను కొంగు కింద దాచాను.

"తిన్నావా అని అడగడానికి చేసింది."

"ఆమెకి తెలుసా?"

"అద్దంలో ముందే పగులుందని, దానివల్లే వాడు పోయాడని చెప్పాం. ఇప్పటికీ ఆ అద్దం అమ్మినవాణ్ణే తిడుతూ ఉంటుంది. తిట్టనీ అని ఊరుకున్నాం." పగులు అన్న మాట ఆయన నోటివెంటే వచ్చింది. గమనించుకున్నట్టు లేదు.

"మా అమ్మాయికి?"

"చెప్పాను. మీకు చెప్పొద్దని తనే అంది. అచ్చిరాదంటే మా అమ్మ మిమ్మల్ని నాలుగు తిట్టుకుని ఊరుకుంటుంది, ఇది చెప్తే మళ్ళీ నిద్రపోదు అంది."

పిలవమంటారా అన్నాడు. వద్దన్నాను. నేను ఇటు రాలేదనుకోండి అన్నాను. లోపల తుమ్ముల బాబాయి తుమ్మాడు. మా అమ్మాయి చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని ఆగింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టేదాకా చూసి వచ్చేశాను.

సాయంత్రం అది ఫోను చూపించి, ఇన్నిసార్లు చేశావేమిటని అడిగింది. చెయ్యి తగిలి వెళ్ళినట్టున్నాయన్నాను. కూర వడ్డిస్తూ, "రేపటి నుంచి దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళు. అచ్చిరానిది అక్కడికెందుకు" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"నువ్వు కూడా నమ్ముతున్నావా అమ్మా?"

"పెద్దవాళ్ళు ఊరికే అంటారా? నమ్ముతున్నాను."

  అన్నం ఇంకాస్త పెట్టుకోమంటే పెట్టుకుంది.

మర్నాడు ఫోను అలమరలో పెట్టి వెళ్ళింది. మధ్యాహ్నం అయింది. వద్దు వద్దనుకుంటూనే ఒకసారి చేశాను. పక్కగదిలో మోగింది. దానంతట అది ఆగిపోయేదాకా విన్నాను. ఆ గదిలో ఎవరి చేతుల్లోనూ అద్దం లేదు.