ఆరు నెలల బరువు

పిచ్చుక అన్నది ఆ అమ్మాయికి కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, అద్దెకిచ్చినవాళ్లు పెట్టిన పేరు. నర్సింగు చదువుకని సముద్రం పక్కనున్న ఆ ఊరికి వచ్చేసరికి కాలేజీ హాస్టల్లో మంచాలన్నీ నిండిపోయాయి. ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో దర్జీ అయిన నాన్న కుట్టిచ్చిన రెండు జతల తెల్ల యూనిఫారాలు పట్టుకుని, ఓడరేవు వెనక వీధిలో మేడగది ఖాళీగా ఉందంటే వెళ్లి తలుపు తట్టింది. తలుపు తీసిన పెద్దాయన ఆమెని ఎగాదిగా చూసి లోపలికి కేకేశాడు.

"ఏమేవ్, పైగదిలోకి పిచ్చుక వచ్చింది. గూడు చూపించు."

అంతే, ఆ పేరు అంటుకుపోయింది.

ఆయన ముప్ఫై ఏళ్లు ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. "ముప్ఫై ఏళ్లు ఓడల్లో సరుకు దింపాను పిచ్చుకా, ఒక్క ఓడా ఎక్కిన పాపాన పోలేదు" అని నవ్వేవాడు. ఆయన భార్య లాంచీల రేవులో టికెట్లు ఇచ్చేది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పొద్దస్తమానం కిటికీలోంచి జనాన్ని అదిలించి అదిలించి, ఇంట్లో కూడా గొంతు తగ్గేది కాదు. వాళ్లకి పిల్లల్లేరు. వారం తిరక్కుండానే పిచ్చుక ఆయన్ని బాబాయ్ అనీ ఆవిడని పిన్ని అనీ పిలవడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే పైగదిలో స్టవ్వు వెలిగించడం మానేసింది, కిందే కంచం వేస్తున్నారు మరి.

ఉప్పుగాలికి ఆ ఇంటి కిటికీ రెక్కలన్నీ తుప్పుపట్టి, తెరిస్తే మూసుకునేవి కావు, మూస్తే తెరుచుకునేవి కావు. ఆరేసిన యూనిఫారం సాయంత్రానికి అప్పడంలా బిరుసెక్కేది. మేడమెట్ల మీద కూర్చుని పిచ్చుక ఎముకల పేర్లు బట్టీ పడుతుంటే, కింది మెట్టు మీద పుస్తకం పట్టుకుని బాబాయ్ అప్పజెప్పించుకునేవాడు. ఆయనకి ఆ పేర్లలో ఒక్కటీ నోరు తిరగదు. అయినా తప్పు చెబితే మాత్రం ఎలాగో పట్టేసేవాడు.

"ఎలా తెలుస్తుంది బాబాయ్?"

"తప్పు చెప్పేటప్పుడు నీ గొంతు సన్నబడుతుంది. నిజం చెప్పేవాడు అరుస్తాడు, మీ పిన్నిని చూడు."

బీపీ చూడటం ఆమె నేర్చుకున్నది ఆయన చేతి మీదే. గుడ్డపట్టీ చుట్టి, గాలి కొట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, మొదటి రోజు ఏమీ వినపడక ఏడుపు మొహం పెట్టింది. "నేను బతికే ఉన్నానులే, ఇంకోసారి చూడు" అన్నాడాయన.

మూడో ఏడు ఒక పని పెట్టారు. ప్రతి విద్యార్థీ ఒక ఇంటిని ఎంచుకుని, ఆరు నెలలపాటు ఆ ఇంటివాళ్ల ఆరోగ్యం గమనించి, ఫైలు రాసి ఇవ్వాలి. తోటి అమ్మాయిలు ఎండలో జాలర్ల పేటలో ఇల్లిల్లూ తిరుగుతుంటే, పిచ్చుక మెట్లు దిగి వంటింట్లోకి వచ్చింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, ఆమెకి పెరట్లోనే అన్నీ దొరికాయి.

ప్రతి ఆదివారం పొద్దున్నే ముగ్గురూ లాంచీల రేవుకి వెళ్లేవాళ్లు. అక్కడ సామాన్లు తూచే కాటా ఉంది. బాబాయ్ దాని మీద ఎక్కి నిలబడితే, పిన్ని కిటికీలోంచి తొంగిచూసి, "ఈ మూట ఎవరిదండీ? పగిలే సరుకా?" అనేది. క్యూలో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. పిచ్చుక అంకె చూసి రాసుకునేది. మొదటి నెల డెబ్భై నాలుగు కిలోలు.

"పొట్ట ఎక్కువుంది బాబాయ్. పంచదార మానెయ్యండి. నూనెలో వేయించినవి మానెయ్యండి. రోజుకి రెండుసార్లు మేడ ఎక్కి దిగండి."

"చిత్తం" అన్నాడాయన. నిజంగానే మానేశాడు కూడా. రెండో నెలలో డెబ్భై రెండున్నర. మూడో నెలలో డెబ్భై. పిచ్చుక ఆనందానికి హద్దుల్లేవు. చదివిన చదువు పనిచేయడం కళ్లతో చూడటం అదే మొదటిసారి. నాలుగో నెలలో ఆయన బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. అయిదో నెలలో, "మాంసం వాసన పడటం లేదే, కడుపులో ఏదో మంటగా ఉంటోంది" అన్నాడు. అది కూడా ఆమె గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఆరో నెల ఆఖరుకి అరవై రెండు. చివరి పేజీలో, "ఆహార నియమాల వల్ల పన్నెండు కిలోలు తగ్గారు. ఇచ్చిన సలహాలు చక్కగా ఫలించాయి" అని రాసి ఎర్ర సిరాతో గీత గీసింది.

ఫైళ్లు దిద్దే ట్యూటరమ్మ ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు. అలాంటిది పిచ్చుకని స్టాఫ్ రూముకి పిలిపిస్తే, మంచి మాట చెబుతారేమోనని యూనిఫారం సర్దుకుని మరీ వెళ్లింది.

"ఈయన వయసెంత?"

"అరవై మూడండీ."

"ఆకలెలా ఉంది?"

"తగ్గిందండీ. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందంటున్నారు."

"మాంసం వాసన పడటం లేదని రాశావు. ఎన్నాళ్లనించి?"

"రెండు నెలలుగా..." అంటూనే పిచ్చుక బల్ల మీది ఫైలు వైపు చూసింది. ఆ లక్షణాలన్నీ వరసగా ఏ పాఠంలో చదివిందో గుర్తొచ్చింది. పరీక్షలో అడిగితే కళ్లు మూసుకుని రాసేది. రోజూ తన ఎదురుగా కూర్చుని అన్నం కెలికే మనిషిలో మాత్రం చూడలేకపోయింది.

ట్యూటరమ్మ ఫైలు మూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇవాళే తీసుకురా. రేపు కాదు" అంది.

పరీక్షలన్నీ అయిదు రోజుల్లో అయిపోయాయి. కడుపులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ మూడు గంటలు పడుతుందన్నారు. ముప్పావుగంటకే సర్జన్ బయటికొచ్చాడు. అంత తొందరగా రావడం మంచిదేననుకుని పిన్ని లేచి ఎదురెళ్లింది. దాని అర్థం తెలిసిన పిచ్చుక బెంచీ మీదనించి లేవలేకపోయింది.

"కడుపు తెరిచి చూశామమ్మా. కాలేయం దాకా పాకింది. తీయడానికి లేదు. మళ్లీ కుట్టేశాం" అన్నాడాయన. ఆయన వెళ్లిపోయాక పిన్ని వచ్చి పక్కన కూర్చుంది.

"ముందే వస్తే?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. ముందే వచ్చినా ఇంతే పిన్నీ అంటే ఆవిడ నమ్మేది. పిచ్చుకకి ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆగిపోయింది.

"నాలుగు నెలల ముందే వచ్చి ఉంటే తీసేసేవాళ్లేమో పిన్నీ. ఆ అంకెలన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి. నేను... నేను నా గొప్పే అనుకున్నాను."

పిన్ని నెమ్మదిగా తల తిప్పి చూసింది. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు గుసగుసలాడింది. "కడుపులో మంటంటే ఆసుపత్రికి పదమన్నానే. వినలేదు. ఇంట్లోనే నర్సుంది, వారం వారం చూస్తోంది, దానికంటే డాక్టరేం చూస్తాడన్నాడు. నేనూ సరేలే అనుకున్నాను."

ఆ తర్వాత ఆవిడ పిచ్చుకతో మాట్లాడటం మానేసింది. గది ఖాళీ చెయ్యమనలేదు. కంచం వెయ్యడం మానలేదు. కంచం వేసి, వడ్డించి, వెళ్లి గుమ్మంలో కూర్చునేది. ఆ అన్నం పిచ్చుకకి గొంతు దిగేది కాదు. తినకుండా లేస్తే ఆవిడని ఇంకా బాధపెట్టినట్టవుతుందని నీళ్లతో మింగేది.

బాబాయ్‌ని ఇంటికి తెచ్చేశారు. పొద్దున కాలేజీ, వార్డు డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి పిచ్చుక ఆయన పని చూసేది. ఒళ్లు తుడిచేది. వీపు ఒరుసుకుపోకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పేది. తడి దూదితో పెదాలు, నాలుక శుభ్రం చేసేది. నర్సు పనిలో ఏమేం చేయాలో అవన్నీ తప్పు లేకుండా చేసేది, చేసిన కొద్దీ ఇంకేదో మిగిలిపోయినట్టే ఉండేది. దుప్పటి మారుస్తున్నప్పుడు రెండో అంచు పట్టుకోవడానికి పిన్ని వచ్చేది. ఇద్దరూ కలిసి ఆయన్ని ఎత్తేవాళ్లు, పడుకోబెట్టేవాళ్లు. ఒక్క మాటా ఉండేది కాదు.

ఒకరోజు ఆయనకి కాస్త తెరిపిగా ఉంది. పిచ్చుక గోళ్లు తీస్తుంటే అడిగాడు.

"నా ఫైలుకి మార్కులెన్నొచ్చాయే?"

"వెయ్యలేదు బాబాయ్. మళ్లీ రాయమన్నారు."

"మరి రాస్తున్నావా?"

"లేదు. ఇంకెవరింటిదైనా రాసిస్తాను."

"ఏం, నేను పనికిరానా?" నవ్వబోతే దగ్గొచ్చింది. సర్దుకునే దాకా ఆమె వీపు నిమిరింది. "నాదే రాయి. ఆ ఎర్ర గీత గీసిన పేజీ ఉందే, అది చింపకు. దాని తర్వాత ఏం జరిగిందో రాయి. ఇంకో పిల్ల చదువుకుంటుంది."

"రాయలేను బాబాయ్. చెయ్యి రాదు."

"క్రేన్ మీద నా మొదటి ఏడాది ఒక పెట్టె జారవిడిచాను. కింద ఒకడి కాలు పోయింది. మర్నాడు ఎక్కనన్నాను. మేస్త్రీ మెడపట్టి ఎక్కించాడు. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు ఒక్క పెట్టె జారలేదు. వాడి కాలు మాత్రం తిరిగి రాలేదు, పిచ్చుకా. రెండూ నిజమే."

నిన్నేమీ అననులే అని ఆయన చెప్పలేదు. చెబుతాడేమోనని ఆమె చాలాసేపు గోళ్లు తీస్తూనే కూర్చుంది. ఆయన నిద్రపోయాడు.

రాసింది. రోజుకి అర పేజీ. నొప్పి ఎంత, ఎన్ని చెంచాల గంజి దిగింది, ఏ వైపు పడుకుంటే సుఖంగా ఉంది. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి, పిన్ని ఆయన పాదాల దగ్గరా తను తల దగ్గరా ఉండగా, ఆయన ఊపిరి ఒకటి తీసుకుని ఇంకోటి తీసుకోలేదు. నాడి కోసం పిచ్చుక మణికట్టు పట్టుకుని పూర్తిగా రెండు నిమిషాలు చూసింది. తల అడ్డంగా ఊపింది. పిన్ని అరుస్తుందనుకుంది. పిన్ని లేచి కిటికీ మూయబోయింది. తుప్పుపట్టిన రెక్క కదల్లేదు. దాన్ని రెండు చేతులతో గుద్దుతూ గుద్దుతూ అక్కడే కూలబడిపోయింది.

పిచ్చుక పరీక్ష గట్టెక్కింది. ఫైలుకి మంచి మార్కులే వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఊళ్లోనే పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, క్వార్టర్సులో గది ఇచ్చారు. ట్రంకు పెట్టె దింపుకుంటుంటే పిన్ని గుమ్మంలో నిలబడి, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడింది.

"నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. కొన్ని రోజులు ఉండదు. కొన్ని రోజులు పొద్దున లేవగానే ఉంటుంది."

"తెలుసు పిన్నీ."

"తీరికైతే వస్తూ ఉండు."

వస్తూ ఉండేది. కొన్నిసార్లు పిన్ని కూర్చోబెట్టి రేవు కబుర్లు చెప్పేది. కొన్నిసార్లు తలుపు సగమే తీసి, "ఇవాళ వద్దులే" అనేది. పిచ్చుక అలాగే అని వెనక్కి తిరిగేది. వార్డులో మాత్రం, సన్నబడ్డానని ఎవరైనా సంబరంగా చెబితే ఆమె మొహంలో నవ్వు మాయమయ్యేది. ఎన్నాళ్లలో, ఎంత, ఆకలెలా ఉంది అని గుచ్చిగుచ్చి అడిగేది. ఈ నర్సుకి అనుమానం జబ్బని ఎగతాళి చేసేవాళ్లు. చేయనిచ్చేది.

రెండేళ్లు గడిచాయి. ఒక ఉదయం వెళ్లేసరికి పిన్ని దగ్గుతోంది. మూడు వారాలుగా ఉందిట.

"పదండి ఆసుపత్రికి."

"గాలి మార్పే. టికెట్ల కిటికీ తెరవాలి, పో."

"పిన్నీ, పదండి."

"నువ్వెవరే నాకు చెప్పడానికి?"

ఎప్పుడూ ఎదురు చెప్పని పిచ్చుక ఆ రోజు వీధి వీధంతా వినబడేలా అరిచింది. "ఎవర్నీ కాను! తిట్టుకోండి, కొట్టండి, నా మొహం చూడకండి. కానీ ఇప్పుడు మాత్రం చెప్పులేసుకోండి!" మణికట్టు పట్టుకుంది. పిన్ని విదిలించుకోబోయింది. పట్టు వదల్లేదు. ఇరుగుపొరుగు తలుపుల్లోకి వచ్చి చూస్తుండగానే బస్టాపు దాకా లాక్కెళ్లింది.

ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. మధ్యాహ్నానికి డాక్టర్ తేల్చి చెప్పాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఉత్త దగ్గే, వారం రోజుల మందు చాలు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ దిగుతూ పిన్ని మధ్యలో ఆగిపోయింది. చేతిలో మందుచీటీ నలుగుతోంది.

"ఆయన్ని కూడా ఇలా లాక్కొచ్చి ఉంటే..." అంది.

'నువ్వు' అని అందో, 'నేను' అని అందో పిచ్చుకకి వినపడలేదు. అడగలేదు కూడా. ఆవిడ మెట్టు మీద చతికిలబడి, ఆయన పోయిన రోజున కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. పిచ్చుక పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. పిన్ని ఆ చేతిని తీసెయ్యలేదు. తన కళ్లనించీ నీళ్లు కారుతున్నాయని పిచ్చుకకి యూనిఫారం ముందుభాగం తడిసేదాకా తెలియలేదు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఇద్దరినీ చుట్టి పోతున్నారు. ఆసుపత్రి మెట్ల మీద ఏడ్చేవాళ్లని ఎవరూ ఎందుకని అడగరు.

డ్యూటీ మొదలై పావుగంట దాటింది. పిచ్చుక కదల్లేదు.