లోవమ్మ ముడివేయని తాడు

మా పెదనాన్న కొడుకు పోలిరాజు పేరు వింటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. మా నాన్న వాటాకు వచ్చిన మెరకచేను తనదేనని అమలాపురం కోర్టులో దావా వేశాడు. పంపకాలు కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది మా మేనత్త అచ్చాయమ్మ ఒక్కతే. "ఈ వాయిదాకి ఆవిణ్ణి పదకొండింటికల్లా తేకపోతే ఇక చేను మర్చిపో" అన్నాడు ప్లీడరు.

అది యాభై ఒకటో సంవత్సరం, పుష్యమాసం. అత్తయ్య నడవలేదు, బండి కుదుపుకి ఆగలేదు. కొత్తపేటలో గూటిపడవ మాట్లాడాను. గూట్లో చాప, పొయ్యి, గొంగళి, చిన్న ఇల్లే అనుకోండి. చీకటితో బయలుదేరాం. గాలి లేదు, తెరచాప దండగ. పడవవాడు కొండయ్య చుక్కాని పట్టాడు. అతని భార్య లోవమ్మ గట్టుమీద నడుస్తూ తాడు లాగుతోంది. ఆ మంచులో మనిషి కనపడదు, బిగుసుకున్న తాడు ఒక్కటే దక్షిణానికి పోతూ ఉంటుంది. తాడు కొసన మూరెడు వెదురుముక్క. దాన్ని రొమ్ముకు అడ్డంగా ఆనించి రెండు చేతులా పట్టుకుంది.

"చేతులు కొంకర్లు పోతాయి, నడుముకి కట్టేసుకోరాదా?" అన్నాను.

"కట్టుకుంటే పడవే నన్ను లాగేత్తాదండీ. వదిలేసే వీలుండాలి."

తెల్లారేక చూస్తే మా ముందు పోలిరాజు పడవ. వాడూ కోర్టుకే. వాడి పడవ లాగే బంగారయ్య చేతులు చంకల్లో దూర్చుకుని, తాడు నడుముకు ముడి వేసుకున్నాడు.

"ఏరా కనకరాజూ, ఆడమనిషి చేత లాగిస్తున్నావా? కోర్టు మూసేక వస్తావులే!" అని అరిచాడు పోలిరాజు.

"నిన్ను ఎత్తుకు తిప్పింది ఆడమనిషేరా!" అంది అత్తయ్య గూట్లోంచి.

ఇంకో రెండు మైళ్లుందనగా, మలుపులో వాడి పడవ అడ్డం తిరిగింది. తాడు బంగారయ్యను గట్టుమీంచి కాలవలోకి ఈడ్చేసింది. ముడి ఊడలేదు. లోవమ్మ వెదురుముక్క అక్కడే వదిలేసి దూకింది. మొలలో దోపుకున్న కొడవలితో తాడు కోసి, అతని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగింది.

పోలిరాజు గట్టుమీదకి దిగి, చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. "నాకు వాయిదా ఉందత్తయ్యా!" అంటూ నడిచి పోయాడు. నేనూ నడవగలను. అత్తయ్య లేకుండా వెళ్లి ఏం చెయ్యను?

బంగారయ్యను మా గూట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టాం. అత్తయ్య తన గొంగళి తీసి కప్పింది. లోవమ్మ అతని అరికాళ్లు రుద్దుతూనే ఉంది. పొద్దెక్కుతోంది.

"లోవమ్మా, పదకొండు..."

"ఆయ్, తెలుసండీ. బంగారయ్యని నోరు విప్పనీండి."

ఉండబట్టక నేనే వెదురు అందుకున్నాను. పది బారలు లాగేసరికి పడవ గట్టుకు గుద్దుకుంది. "బాబూ, గట్టుమీద పని మీది కాదండీ!" అన్నాడు కొండయ్య. అరచేతులు చిట్లాయి. లోవమ్మ కొత్తపేట నుంచి ఏం మోసుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

బంగారయ్య "అమ్మా" అన్నాక, లోవమ్మ తడిచీరతోనే వచ్చి వెదురు తీసుకుంది. పడవ చెప్పిన మాట విన్నట్టు కదిలింది. అంత పనితనం నేను మళ్లీ చూడలేదు.

అత్తయ్యను ఎత్తుకుని కోర్టు మెట్లెక్కేసరికి పన్నెండు దాటింది, మా దావా పిలిచి తేల్చేశారు. పోలిరాజు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"బంగారయ్య బతికేడా అని అడగవేంరా?" అంది అత్తయ్య.

"ఏ బంగారయ్య?" అన్నాడు.

ఆ తాడు ఎందుకు వదిలావని లోవమ్మను ఏనాడూ అడగలేదు, అడగను. పోలిరాజు దున్నుకుంటున్నది మాత్రం నా చేను, ఎకరం పదిహేడు సెంట్లు.