మూడో ప్రకటన

మా క్యాథలిక్ గుళ్లో పెళ్లి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు పూజలో ఇద్దరి పేర్లూ చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అందరి ముందూ లేచి చెప్పాలి. సుకుమార్‌వీ నావీ రెండుసార్లు చదివారు. మూడోది చదివేలోపే కంపెనీ పిలిచిందని పరుగెత్తాడు మహానుభావుడు. సముద్రం అవతలి దేశంలో చమురు పంపులు బాగుచేసే ఉద్యోగం. అక్కడ గూఢచారి అని పట్టుకున్నారు. ఏళ్లు గడిచాయి. మొన్న వానాకాలంలో ఉరిశిక్ష ఖాయం చేశారు.

అప్పట్నుంచి అతను దేశానికే హీరో. ఖమ్మంలో ఫ్లెక్సీలు, వైరాలో ఫ్లెక్సీలు. మా ఏన్కూరు సెంటర్‌లో అయితే బొమ్మకు మీసాలు కూడా పెట్టారు. అతనికి మీసాలెక్కడివి, వాళ్ల మొహం! టీవీలో ఒకడు "చావంటే భయం లేని వీరుడు" అంటుంటే రిమోట్ విసిరికొట్టాను. ఇంజెక్షన్ సూది చూసి కళ్లు గట్టిగా మూసుకునే మనిషి అతను. నర్సుని, నాకు తెలియదా? ఆ సూది దగ్గరే కదా మాకు పరిచయమైంది. ఇప్పుడు అక్కడ ఎంత భయపడుతున్నాడో అనుకుంటే నాకు అన్నం దిగదు.

ఉరికి ముందు తల్లినీ భార్యనీ ఒక్కసారి చూడనిస్తారట. ఇంకెవరినీ రానివ్వరట. అందుకే మా పెళ్లి చేయమని ఫాదర్ గారిని బతిమాలాను. పెళ్లికొడుకు రాలేకపోతే అతని తరఫున ఇంకొకరు నిలబడే పద్ధతి ఉందట. సుకుమార్ ఒప్పుకున్నట్టు సంతకం అతని వకీలు తెప్పించాడు. ఆగినచోటి నుంచే చదవమని బిషప్ గారి అనుమతీ వచ్చింది.

మా నాన్న ఆంథోని కొత్తగూడెం బొగ్గుబావుల్లో పనిచేసి రిటైరైన మనిషి. సంగతి వినగానే కంచం పక్కకు నెట్టాడు.

"ఉరి పడేటోనికి ఎవరన్న పిల్లనిస్తరా? ఫాదర్ చదవంగనే నేనే లేస్తా. యాది పెట్టుకో!"

ఆయన అన్నంత పనీ చేసే రకం.

ఆదివారం గుడి కిటకిటలాడింది. భద్రాచలం దారిలోని అడవి పల్లెల నుంచి కూడా ఆటోల్లో దిగారు. నాన్న లేస్తాడేమోనని ఒక భయం. అంత దూరం పోయాక నన్ను కూడా అక్కడే పట్టుకుని ఉంచేస్తే? అతన్ని చూడగానే అక్కడే కూలిపోతే? కొంగు తలమీదకు లాక్కుని కూర్చున్నాను.

"కీర్తిశేషులు సమ్మయ్యకు, విశ్రాంతమ్మకు కుమారుడైన సుకుమార్‌కు, ఆంథోని కుమార్తె మహిమకు వివాహం నిశ్చయమైనది. ఇది మూడవ ప్రకటన. ఎవరికైనా ఆటంకం తెలిస్తే చెప్పండి."

నేను మగవాళ్ల వైపే చూస్తున్నాను. గొంతు మాత్రం ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది.

"నాకుంది ఫాదర్."

లేచింది విశ్రాంతమ్మ. సుకుమార్ కన్నతల్లి.

"ఈ పిల్లకు ఈ పెళ్లి వద్దు. నా కొడుకు ఎట్లనూ దక్కడు. దీని బతుకు గూడ ఎందుకు ఆగం జేసుడు? నేనొక్కదాన్నే పోయి చూసొస్తా."

"అది ఆటంకం కాదమ్మా," అన్నారు ఫాదర్ గారు మెల్లగా. "ముందే పెళ్లయి ఉందనో, దగ్గరి రక్తసంబంధమనో అయితే చెప్పాలి."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న వద్దని చెప్పు బిడ్డా. నీకు భయమైతలేదా?"

ఒక్కమాట చాలు. ఆ మాట నా నాలుక దాకా వచ్చిందని ఒప్పుకుంటాను. లేచాను.

"అవ్, మస్తు భయమైతంది అత్తమ్మా. కానీ నువ్వొక్కదానివే పోతే, ఆయన మంచిగనే ఉన్నడని వచ్చి నాకు అబద్ధం చెప్తవ్. నేను నమ్ముత. బతికినన్ని దినాలు గదే నమ్ముకుంట కూసుంట. నాకు గట్ల వద్దు. ఎట్లున్నడో నేను చూడాలె. నన్ను చూసి కొంచెమన్న ధైర్యం తెచ్చుకుంటడేమో."

విశ్రాంతమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూలబడింది.

"ఇంకెవరికైనా?" ఫాదర్ గారు మగవాళ్ల వైపు చూశారు.

నాన్న ముందు బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు. అయిపోయింది, లేస్తున్నాడనుకున్నాను. లేవలేదు. ఆ చేతుల మీదే తల ఆనించి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఇక నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు.