మందెక్కిన మడి

ఆయన్ని అందరూ పథ్యంగారంటారు. తుమ్మొస్తే చాలు, మూడు రోజులు కారం మానేసి, వేళకు మందు మింగి, దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి. 'మందు కొట్టడం' అన్న మాటకు ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. అది వీపుకు పంపు తగిలించుకుని పొలంలో చేసే పని.

కిందటి పంట మొక్కజొన్నకు అలాగే కలుపుమందు కొట్టాడు. చెప్పిన కొలత మీద ఇంకో మూత కలిపి మరీ కొట్టాడు. దేవుడికి ఓ దణ్ణం ఎక్కువ పెడితే తప్పా? ఇదీ అంతే అనుకున్నాడు.

ఇప్పుడు ఆ మడిలో చిక్కుడు పెట్టాలి. విత్తనం అత్తగారి చేతిది. ఆవిడ పోయాక బూడిదలో కలిపి దాచిన ఒక్క డబ్బా మిగిలింది. అది పోతే ఆ చిక్కుడు మరి దొరకదు.

"ఏవండీ, అన్నీ ఒక్కసారే పొయ్యకండి. ముందు పది గింజలు పెట్టి చూద్దాం," అంది భార్య.

"మూడు నెలలకి విరిగిపోతుందని మందు డబ్బా మీద రాసుందే!"

"రాసుంటే సరా? మన మట్టికి చదువొచ్చా?"

ఒక కుండీలో మడి మట్టి, ఇంకో కుండీలో పెరటి మట్టి పోసి చెరి ఐదు గింజలు పెట్టింది. పదిహేను రోజులకు పెరటి మట్టిలో మొక్కలు బడిపిల్లల్లా నిటారుగా నిలబడ్డాయి. మడి మట్టిలోవి మాత్రం కాడలు మెలి తిరిగి, ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, ఒకదాని మీద ఒకటి తూలుతున్నాయి.

"పుట్టి బుద్ధెరిగి మీరు ముట్టలేదు. మీ మడి పీకల దాకా పట్టించింది," అంది భార్య.

పథ్యంగారికి నవ్వు రాలేదు. కుండీలు రెండూ సైకిలుకు కట్టుకుని కలుపుమందు కొన్న కొట్టుకెళ్లాడు.

"విత్తనం నాసిది అన్నయ్యా," అన్నాడు కొట్టాయన.

"రెండిట్లోనూ ఒకటే విత్తనం."

"అయితే నీళ్లెక్కువయ్యాయి."

"ఒకే చెంబుతో పోసింది మీ వదిన."

కొట్టాయన గంభీరంగా బీరువా తెరిచి ఓ సీసా తీశాడు. "మందుకు విరుగుడు మందు. ఇది కొట్టు, మత్తంతా దిగిపోతుంది."

పథ్యంగారి చెయ్యి అలవాటుగా ముందుకెళ్లి, సగంలో ఆగింది. "మరి ఇది దిగాలంటే?"

"కొత్త సరుకు. నువ్వే వాడి చెప్పాలి."

"అసలు చిక్కుడేం పాపం చేసింది తమ్ముడూ? కలుపునే కదా చంపమన్నాం?"

"దానికి మొక్కజొన్న ఒక్కటే చుట్టం. ఆకు వెడల్పుగా ఉన్నదల్లా కలుపే," అనేసి కొట్టాయన నాలుక కరుచుకున్నాడు.

పథ్యంగారు సీసా ముట్టకుండా తిరుగుముఖం పట్టాడు. కలుపంతా పోవాలని రోజూ దణ్ణం పెట్టింది తనే. ఏది కలుపో దేవుణ్ణి ఒక్కసారైనా అడిగాడా?

"ఏమన్నాడు?" అంది భార్య.

"విత్తనం పెరట్లో పెడదాం, వంశం నిలుస్తుంది. మడిలో మొక్కజొన్నే వేద్దాం. పంపు మాత్రం ముట్టను, కలుపు చేత్తోనే పీకుదాం."

"ఎన్నాళ్లూ?"

"మడి మట్టి పోసిన కుండీలో చిక్కుడు తూలకుండా నిలబడేదాకా," అంటూ ఆయన కొక్కేనికున్న కొడవలి అందుకున్నాడు. "అంత మందు పడ్డాక పథ్యం ఉండొద్దుటే?"