రాతిపొడిలో నగల రజను

కడిగిన రాతిపొడిని మైక్రోస్కోపు కింద పెట్టగానే జియాలజిస్టు ముఖం తిప్పుకుంది.

బంగారం ఉంది. అసహ్యమల్లా అదే.

ఈ గుట్టలో బంగారమంటూ ఉంటే కంటికి ఆననంత సన్నగా ఉండాలి. భూమి లోతుల్లో కాగిన నీరు పగుళ్ల వెంట పైకొస్తుంది. నేలకు కాస్త దిగువన ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా మరుగుతుంది. మోసుకొచ్చిన బంగారాన్ని అక్కడే పలుగురాతి చారల్లో వదిలేస్తుంది. ఆ ఆనవాళ్ల కోసమే ఆమె గుట్టంతా తిరిగి డ్రిల్లింగ్ చేయించింది. బయటికి తీసిన రాతి కడ్డీలను నిలువుగా కోసి, ఒక సగాన్ని పెట్టెల్లో దాచారు, రెండో సగాన్ని పొడి కొట్టారు.

పెట్టెల్లోని రాయిలో నీరు మరిగిన జాడే లేదు. పొడిలో మాత్రం చుట్టలు తిరిగిన రజను. ఆకురాయితో గీస్తేనే అలా వస్తుంది. పరీక్షిస్తే రాగి కూడా తేలింది, నగల్లో కలిపేంత రాగి.

పొడి కొట్టే గది తాళం సైటు మేనేజరు దగ్గరే ఉంటుంది. ఆయన ఆమెకు స్వయానా అక్క మొగుడు.

అరటిపండు నములుతూ ఆయనే వచ్చాడు.

"ఏంటి మరదలా, ఇంకా సంతకం పెట్టలేదా? రిపోర్టు సాయంత్రానికి వెళ్లిపోవాలి."

"అక్క బంగారు గాజు దొరికిందా బావా?"

నమలడం ఆగింది. "వంటమనిషి కొట్టేసిందిగా. పనిలోంచి తీసేశాం."

"ఒకసారి ఇందులోకి చూడండి."

చూశాడు. తలెత్తి ఇకిలించాడు. పళ్ల మధ్య అరటిపండు గుజ్జు.

"మనలో మనకెందుకే గొడవ? పెట్టుబడి పెట్టేవాళ్లు రాళ్లు చూస్తారా? నీ సంతకం చూస్తారు."

"దొంగతనం కూడా సరిగ్గా చేతకాలేదు మీకు. ఛీ!"

"ఉద్యోగం పోతుంది, జాగ్రత్త!"

"పోనివ్వండి."

సంతకం చేయాల్సిన చోట 'నమూనాల్లో నగల రజను కలిపారు' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది. ఆయన చూస్తుండగానే ఫొటో తీసి హెడ్డాఫీసుకు పంపింది. ఆయన తొక్కను మైక్రోస్కోపు పక్కన విసిరికొట్టి బయటికి పరుగెత్తాడు.

ఆమె అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నీ గాజు దొరికింది."

"ఎక్కడే? ఆ వంటదాని గదిలోనేనా?"

"మీ ఆయన కొట్టించిన రాతిపొడిలో. ఆకురాయితో అరగదీసి కలిపాడు. ముందు ఆ వంటావిడ దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకో."



"పోయేటప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు కూడా విప్పించి వెతికానే," అంది అక్క.